చిత్రము నడుగవలసిన నాలుగు ప్రశ్నలు

ఇంటిలోని ప్రాణికి జబ్బు చేసినప్పుడు మన మనస్సు మొట్టమొదట కోరునది ఆ జబ్బు పేరు. పేరు తెలిసెనా, సగము భారము దిగినట్లుండును. తెలియలేదా, వైద్యుడు చేయు ప్రతి పనియు అనుమానాస్పదముగ తోచి, నమ్మకము సడలి, ఈ ఆసుపత్రి నుండి ఆ ఆసుపత్రికి తిరుగుటలోనే అమూల్యములైన దినములు గడచిపోవును. మనుష్యుని యీ స్వభావమును మిక్కిలి కఠినముగ పరీక్షించు వ్యాధులలో కుక్కలకు వచ్చు మెదడువాపు ఒకటి. ఏలనన, దీనియందు ఎం.ఆర్.ఐ. యంత్రము సయితము మనమడుగు ప్రశ్నలలో మూడింటికి స్పష్టముగ బదులు చెప్పి, అన్నింటికంటె ఆతురతతో మనమడుగు నాలుగవదానికి మాత్రము తరచుగ మౌనము వహించును. ఏ ప్రశ్నకు చిత్రము బదులు చెప్పగలదో, దేనికి చెప్పజాలదో ముందుగ నెరిగి, చెప్పినంతవరకు శ్రద్ధతో గ్రహించి, చెప్పనిదానికై కాలము వ్యర్థపుచ్చక కార్యమునకు పూనుకొను మనఃస్థైర్యమును అలవరచుకొనుట యెట్లో ఈ అధ్యాయమున వివరింప దలచితిని.

వ్యాధి స్వరూపము

మెదడును, దానిని కప్పియుండు పొరలను, కొన్నియెడల వెన్నుపామును గూడ వాపు ఆక్రమించుటకు గల కారణములు రెండు తెగలు. మొదటి తెగ సూక్ష్మజీవులు: డిస్టెంపర్ వైరస్సు, రేబిస్ వైరస్సు, నియోస్పోరా, టాక్సోప్లాస్మా అను ఏకకణజీవులు, క్రిప్టోకాకస్ అను శిలీంధ్రము, పిడుదుల కాటు వలన సంక్రమించు ఎర్లీషియా మున్నగునవి. రెండవ తెగయందు ఏ సూక్ష్మజీవియు కానరాదు; దేహమును కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థయే తన మెదడుపై తిరుగబడును. ఈ రెండవ తెగలో ప్రధానముగ మూడు భేదములు కలవు: వాపుకణములు గుంపులు గుంపులుగ చేరి కణికలు కట్టు గ్రాన్యులోమాటస్ రకము, మెదడు ఉపరితలమునందలి బూడిదవన్నె పదార్థమును, దాని క్రింది తెల్లని పదార్థమును నశింపజేయు నెక్రోటైజింగ్ మెనింగోఎన్‌సెఫలైటిస్, లోపలి తెల్లని పదార్థమునే ముఖ్యముగ తినివేయు నెక్రోటైజింగ్ ల్యూకోఎన్‌సెఫలైటిస్. వీనిలో ఏది యేదో నిశ్చయముగ చెప్పుటకు మెదడుముక్కను సూక్ష్మదర్శినితో చూడవలయును. బ్రతికియున్న కుక్క మెదడునుండి ముక్క తీయుట సాధ్యమే యైనను అపాయముతో కూడినది గావున అరుదుగ చేయుదురు. అందుచేత జీవించియున్నంతవరకు ఈ మూడింటిని కలిపి ‘మూలము తెలియని మెనింగోఎన్‌సెఫలైటిస్’ అను ఉమ్మడి పేరుతో వ్యవహరింతురు, రిపోర్టులలో ఎం.యు.ఓ. లేదా ఎం.యు.ఇ. అని కనబడునది ఇదియే.

చిన్నజాతి కుక్కలు దీనికి ఎక్కువగ గురియగును. మాల్టీస్, చివావా, యార్క్‌షైర్ టెరియర్, పెకినీస్, ఫ్రెంచి బుల్‌డాగ్ జాతులతోపాటు పగ్ జాతి ఇందు ప్రసిద్ధి కెక్కినది. 2003లో హచ్ టెలిఫోను ప్రకటన టెలివిజనులో వచ్చినది మొదలు మన దేశమున వీధివీధినా వెలసి, నేటికిని మన యిండ్లలో ‘హచ్ కుక్క’గానే పిలువబడుచున్న పగ్‌ను పెంచువారు ఈ మాట గుర్తుంచుకొనవలయును. ఆ జాతికి వచ్చు నెక్రోటైజింగ్ రకమును 1989లో కాలిఫోర్నియాకు చెందిన కార్డీ, హాలిడే అను శాస్త్రజ్ఞులు విపులముగ వర్ణించిరి. కొన్ని పగ్‌లలో ఈ వ్యాధికి లోనగు స్వభావము వంశానుగతముగ వచ్చుచున్నదనియు, దాని జాడ 12వ క్రోమోజోముపై రోగనిరోధక జన్యువులున్న చోట కలదనియు తరువాతి పరిశోధనలు తేల్చినవి. నెక్రోటైజింగ్ రకము తరచుగ లేబ్రాయముననే బయటపడును. గ్రాన్యులోమాటస్ రకము నడివయస్సున హెచ్చుగ కానవచ్చును.

యజమాని కంటితో మొదటి పరీక్ష

స్కాను యంత్రము చూచుటకు ఎంతో ముందుగ చూడగలవాడు, చూడవలసినవాడు యజమాని. ఒక పగ్ రెండు మూడు దినములుగ ఇంటిలో ఎప్పుడు నడచినను ఎడమ ప్రక్కకే గుండ్రముగ తిరుగుచున్నదని భావింపుడు. గిన్నెలో అన్నము పెట్టినచో ఎడమ సగమునందలి అన్నము ఒక్క మెతుకు మిగులకుండ తిని, కుడి సగము ముట్టక, ఇంకను ఆకలితో గిన్నెయెదుట నిలుచుండును. గిన్నెను త్రిప్పి పెట్టినచో మిగిలినదియు తినును. గోడ మూలకు పోయి నుదురు గోడకానించి కదలక యుండును. ఇట్టి కుక్కను వైద్యుడు పరీక్షించుచు, అరచేతిని దాని కుడికంటివైపు హఠాత్తుగ తెచ్చును; అది రెప్ప వేయదు. అదే కంటిలో దీపము వేసినచో కనుపాప చక్కగ ముడుచుకొనును. రెప్ప యంచును వ్రేలితో తాకినచో రెప్ప మూయును. కుడి ముందుకాలి పంజాను వెనుకకు మడిచి నేలపై నిలిపినచో, వెంటనే సరిచేసికొనక మడిచినది మడిచినట్లే యుంచును. కన్ను చెడలేదు, రెప్ప కదలించు నరము చెడలేదు. చూచినదానిని చూచినట్లు గ్రహింపవలసిన ఎడమ మస్తిష్కార్ధగోళము చెడినది. కుక్క ఏ ప్రక్కకు తిరుగునో ఆ ప్రక్కనే దోషముండుటయు, దేహమున కానవచ్చు లోపము దాని కెదుటి ప్రక్కన ఉండుటయు ముందుమెదడు వ్యాధి లక్షణము. తల ఒక ప్రక్కకు వాలుట, కనుగ్రుడ్లు తమంతట తామే కొట్టుకొనుట, నడకలో తూలుట కలిగినచో మెదడుకాండము, చిన్నమెదడు, లేదా చెవిలోపలి సమతాస్థానము చెడినదని శంకింపవలయును.

కావున మీరు చేయవలసిన మొదటి పని మందుల దుకాణమునకు పోవుట కాదు, గమనించుట. కుక్క ఎటు తిరుగుచున్నది, ఎప్పటినుండి, ఎంతసేపు అను వివరములను కాగితముపై తేదీలతో వ్రాయుడు. నడకను, ఫిట్స్‌ను ఫోనులో వీడియో తీయుడు. ఆసుపత్రి బల్లపై భయముతో బిగిసిన కుక్క చూపనిది ఆ వీడియో చూపును. ఫిట్స్ అయిదు నిమిషములకు మించినను, ఇరువదినాలుగు గంటలలో రెండుమార్లు వచ్చినను అది అత్యవసర స్థితి. వ్రాతలు, వీడియోలు మాని తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

స్కానునకు ముందు తేల్చుకొనవలసినవి

మన దేశమున నాడీలక్షణములతో వచ్చిన ప్రతి కుక్క విషయమునను మొదట తేల్చుకొనవలసినది రేబిస్. టీకా పుస్తకము వెంట తీసికొనిపోవలయును. టీకా పడనిదైనను, ఇటీవల మరియొక జంతువు కరచినదైనను, ఆ మాట వైద్యునకు దాచక చెప్పవలయును. అట్టి కుక్క నోటిలో చేయిపెట్టుట, దాని చొంగ తాకుట ప్రాణాపాయకరము. ఇంటివారెవరినైనను కరచినను, గోళ్లతో గీరినను, ఆ గాయమును సబ్బుతోను ధారగా పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, వెంటనే మనుష్యుల ఆసుపత్రిలో టీకా ప్రారంభించుకొనవలయును. రెండవది డిస్టెంపర్. ముక్కు కారుట, దగ్గు, విరేచనముల వెనుక నరముల లక్షణములు వచ్చుట, పాదముల మెత్తలు గట్టిపడుట, నిద్రలోసైత మొక కాలో దవడయో లయబద్ధముగ అదరుచుండుట దీని జాడలు. మూడవది పిడుదుల జ్వరము. రక్తపరీక్షతో దీనిని శోధింతురు. ఇవి గాక, చిన్న కుక్కపిల్లలలో రక్తమున చక్కెర తగ్గుటయు, యార్క్‌షైర్ టెరియర్ వంటి జాతులలో పుట్టుకతో కాలేయపు రక్తనాళము దారితప్పుటయు మెదడువ్యాధిని అచ్చముగ పోలిన లక్షణములను కలిగించును. ఇవి కొద్దిపాటి రక్తపరీక్షలతో తేలును. మత్తుమందిచ్చుటకు పూర్వము ఈ పరీక్షలు అన్నియు జరుగుట న్యాయము.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక. వాపు అను మాట వినగానే స్టెరాయిడ్ సూదిమందు వేయించుట అనేకులకు అలవాటు. అది ముందుగ పడినచో మెదడు వెన్నుపాముల చుట్టునుండు వెన్నునీటిలోని వాపుకణములు తగ్గిపోయి, చిత్రమున వ్యాధి వెలుగుట మందగించి, పరీక్షల ఫలితములు మసకబారును. మూలమున సూక్ష్మజీవి యున్నచో అది విజృంభించును. అయినను కుక్క స్పృహ తప్పుచు ప్రాణము మీదికి వచ్చినచో పరీక్షలకై వేచియుండుట అవివేకము. ఏది యెప్పుడు అనునది వైద్యుడు నిర్ణయింపవలసినది. ఇదివరలో ఏ సూది, ఏ మాత్ర, ఏ తేదీన పడినదో నిజము చెప్పుట మీ ధర్మము.

యంత్రము చూచునదేమి

దేహమునందలి నీటిలో గల హైడ్రోజన్ కేంద్రకములను బలమైన అయస్కాంతక్షేత్రమున నిలిపి, రేడియోతరంగములతో కదలించి, అవి మరల స్వస్థానమునకు వచ్చునప్పుడు వెలువరించు సంకేతములను చిత్రముగ మార్చుట ఎం.ఆర్.ఐ. విధానము. దీనికి మార్గము వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ గార్లకు 2003లో నోబెల్ బహుమతి లభించినది. ఆసుపత్రులలో సాధారణముగ నుండు 1.5 టెస్లా యంత్రపు అయస్కాంతబలము భూమి అయస్కాంతబలమునకు సుమారు ముప్పదివేల రెట్లు. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. సి.టి. స్కాను ఎముకను, క్రొత్త రక్తస్రావమును త్వరగ చూపునుగాని, దట్టమైన పుఱ్ఱె యెముకల నడుమ నున్న మెదడుకాండమును, మెత్తని పదార్థమునందలి సూక్ష్మమైన వాపును చూపుటలో ఎం.ఆర్.ఐ.కి సాటిరాదు. పశువులకై ప్రత్యేకముగ నెలకొల్పిన ఎం.ఆర్.ఐ. యంత్రములు మన దేశమున కొన్ని మహానగరములలో మాత్రమే యున్నవి గావున, ప్రయాణమునకు కుక్క తట్టుకొనునా అను ప్రశ్నను గూడ ముందే విచారింపవలయును.

కుక్క కదలక పడియుండవలయును గావున పూర్తి మత్తు తప్పదు. ముక్కు చప్పిడిగ, కంఠమార్గ మిరుకుగ నుండు పగ్ జాతికి మత్తులోను, అంతకు మించి మత్తు వదలు సమయమునను శ్వాసకు అడ్డు కలుగవచ్చును. శ్వాసగొట్టమును పూర్తిగ మెలకువ వచ్చువరకు తీయక, ప్రక్కన మనిషి కూర్చుండి కనిపెట్టుకొనియుందురా అని అడుగుటకు మొగమాటపడవలదు. లోహపు గొలుసు, పట్టెడ తీసివేయవలయును; మెడవద్ద చర్మముక్రింద మైక్రోచిప్ ఉన్నచో చెప్పవలయును, ఏలనన అది తన పరిసరముల చిత్రమును చెరచును.

ఒకే మెదడును యంత్రము పలురీతుల చిత్రించును. టి1 చిత్రమున నీరు నల్లగను, టి2 చిత్రమున నీరు తెల్లగను కానవచ్చును. వాపు వచ్చిన చోట నీరు చేరును గావున అది టి2లో తెల్లగ మెరయును. కాని మెదడు గదులలో సహజముగ నుండు ద్రవమును అంతే తెల్లగ మెరయుటచే, ఆ గది యంచున నున్న చిన్న వాపు వెలుగులో వెలుగుగ కలిసిపోవును. ఈ చిక్కు తీర్చుటకే ఫ్లెయిర్ అను మూడవ చిత్రము. దీనియందు గదులలోని స్వచ్ఛమైన ద్రవము నల్లబడును, వాపునందలి నీరు మాత్రము తెల్లగనే నిలుచును. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, టి2లో ఆరోగ్యముగ తోచిన గది గోడ ఫ్లెయిర్‌లో తెల్లని అంచుతో బయటపడుట మీకును కనబడును; చూపుమని డాక్టరుగారి నడుగుడు. రక్తస్రావమును పట్టుకొను చిత్ర మింకొకటి. తుదకు గెడోలినియం మందును సిరలోనికెక్కించి మరల టి1 చిత్రములు తీయుదురు. రక్తమునకును మెదడునకును నడుమ ప్రకృతి కట్టిన అవరోధము చెడినచోట ఆ మందు బయటికి వచ్చి తెల్లగ వెలుగును. మెదడు పొరలు వెలిగినచో వాపు పొరలకును ప్రాకినదని గ్రహింతురు.

నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: వ్యాధి యెక్కడ? దీనికి చిత్రము చక్కగ బదులు చెప్పును. పైని వర్ణించిన పగ్ విషయమున వైద్యుడు చేతితో పరీక్షించి ఎడమ అర్ధగోళమని చెప్పినది, చిత్రమున అదే తావున తెల్లని మచ్చగ కనబడినచో, రెండు మార్గములు ఒకే చోట కలిసినవి, నమ్మకము బలపడును. రెండును కలియనిచో ఆ భేదమును ఉపేక్షింపరాదు. చివావా వంటి జాతులలో మెదడు గదులు పుట్టుకతోనే పెద్దవిగ నుండుట కలదు. అట్టిదానిని చూచి వ్యాధికారణము దొరకెనని తృప్తిపడి అసలు వాపును విడిచిపెట్టు ప్రమాదమున్నది. ‘ఈ మచ్చ నా కుక్క లక్షణములన్నింటికి సరిపోవుచున్నదా?’ అని అడుగుట యజమాని హక్కు.

రెండవ ప్రశ్న: ఎంత మేర? మచ్చ ఒకటా, అనేకములా. ముందుమెదడునకు పరిమితమా, మెదడుకాండము వరకు దిగినదా. పదార్థము వాచియున్నదా, కరిగి గుల్లలు పడినదా. వాపు చికిత్సకు లొంగవచ్చును. గుల్లపడిన చోటు మరల పూడదు. ఈ భేదము నెరిగినవాడు, ‘ఫిట్స్ ఆగును, నడక కుదుటపడును, కాని చూపు పూర్తిగ రాకపోవచ్చును’ అనునట్టి న్యాయమైన ఆశను పెంచుకొనగలుగును.

మూడవ ప్రశ్న: పుఱ్ఱెలో ఒత్తిడి పెరిగినదా? ఆశ్చర్యకరముగ అనేకులు అడుగ మరచునదియు, తక్షణప్రాణమునకు అన్నింటికంటె దగ్గరైనదియు ఇదియే. మెదడు ముడుతల నడుమ చాళ్లు అణగి కానరాకుండుట, నడిగీత ఒక ప్రక్కకు ఒరగుట, చిన్నమెదడు వెనుకభాగము పుఱ్ఱె అడుగు రంధ్రములోనికి జారుట ఒత్తిడికి చిహ్నములు. 2013లో ప్రకటితమైన ఒక బ్రిటిషు పరిశీలనమున, మచ్చ పరిసరములను నెట్టుట, చాళ్లు అణగుట, రంధ్రమునకు జారుట కానవచ్చిన కుక్కలలో మరణములు హెచ్చుగ నుండెను. ఇట్టి చిహ్నములున్నచో వెన్నునీరు తీయుట ప్రాణాపాయకరము గావున విరమించి, ఒత్తిడి తగ్గించు మందులతో చికిత్స ఆరంభింతురు. స్కాను ముందు, వెన్నునీరు తరువాత అను క్రమము ఈ కారణముననే యేర్పడినది.

నాలుగవ ప్రశ్న: వ్యాధి పేరేమి? ఇచ్చట చిత్రము వెనుకాడును. మెదడు ఉపరితలమున, రెండు ప్రక్కల సమానముగ గాక, బూడిదవన్నె తెలుపు పదార్థముల నడుమ హద్దు చెరిగిన మచ్చలున్నచో నెక్రోటైజింగ్ మెనింగోఎన్‌సెఫలైటిస్ అనియు, లోపలి తెల్లని పదార్థమున గుల్లలున్నచో ల్యూకోఎన్‌సెఫలైటిస్ అనియు, తెల్లని పదార్థమునను మెదడుకాండమునను చెదరిన మచ్చలున్నచో గ్రాన్యులోమాటస్ అనియు ఊహింతురు. కాని ఈ రూపములు ఒకదానితో నొకటి కలగలియును. ఒంటిమచ్చ గ్లయోమా అను కంతిని పోలవచ్చును. రక్తనాళము మూసికొనిన చోటు వాపువలె కనబడవచ్చును. సూక్ష్మజీవుల వలని వాపును ఇట్లే యుండవచ్చును. పదేపదే వచ్చిన ఫిట్స్ తామే కణతప్రాంతపు మెదడులో తాత్కాలికమైన తెల్లదనమును కలిగించును. కొన్ని వారముల తరువాత మరల చిత్రించినచో అది మాయమగును. చిత్రము పూర్తిగ సహజముగ నుండుటయు సంభవమే: వెన్నునీటిలో వాపు రుజువైన 25 కుక్కలను చిత్రించిన 2005నాటి పరిశీలనమున ఆరింటి చిత్రములందు ఏ దోషమును కానరాలేదు. కాబట్టి ‘స్కాను నార్మల్’ అను రెండు మాటలతో వ్యాధి లేదని నిశ్చింతపడరాదు.

వెన్నునీరు, దాని తోడి పరీక్షలు

చిత్రము అనుమతించినచో, అదే మత్తులో మెడవెనుక సూది గ్రుచ్చి కొద్దిపాటి వెన్నునీరు తీయుదురు. ఆరోగ్యమున్న కుక్కయందు ఘనమిల్లీమీటరునకు తెల్లకణములు అయిదు లోపున నుండును. అవి పెరిగి, సగమునకు మించి లింఫోసైట్లు, మోనోసైట్లు అయినచో రోగనిరోధక వ్యవస్థ వలని వాపును శంకింతురు. ఆ నీటిలోను రక్తములోను డిస్టెంపర్, నియోస్పోరా, టాక్సోప్లాస్మా మొదలైనవానికై పరీక్షలు చేయుదురు. 1962 నుండి 2008 వరకు ప్రకటితములైన 457 కుక్కల వృత్తాంతములను సమీక్షించి 2010లో గ్రేంజర్, స్మిత్, జెఫరీ అను మువ్వురు సూచించిన కొలతలు నేటికిని వైద్యులకు ఆధారములు: వయస్సు ఆరునెలలు దాటుట, టి2 చిత్రమున మెదడు పదార్థములోనే తెల్లని మచ్చలుండుట, వెన్నునీటిలో పైని చెప్పిన కణములు పెరుగుట, సూక్ష్మజీవుల పరీక్షలలో ఏ సూక్ష్మజీవియు కానరాకుండుట. వీనిలో చిత్రము నాలుగింట ఒక్కటి మాత్రమే యని గమనింపుడు. ఏ యొక్కదానికిని తక్కినవానిని త్రోసిరాజను అధికారము లేదు.

చిత్రమునకు తరువాత

ఇంతవరకు వచ్చినవానికి చేతిలో మూడు స్పష్టమైన సమాధానములు, ఒక ఉమ్మడి పేరు మిగులును. ఇది చాలునా? చాలును. మూడు భేదములలో ఏదైనను మొదటి చికిత్స ఇంచుమించు ఒక్కటియే: వాపును అణచు ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్, దానికి తోడుగ సైటరబిన్, సైక్లోస్పోరిన్ వంటి మందులలో ఒకటి, ఫిట్స్ ఉన్నచో వానిని ఆపు మందు. పేరు తేలలేదని ఆగుట వలన కలుగు నష్టము మాత్రము స్పష్టము: 2016లో ప్రకటితమైన, నూటికి పైబడిన కుక్కల వృత్తాంతము గల పరిశీలనమున సుమారు నాలుగవ వంతు మొదటి వారముననే గతించినవి. ఆ వారము గడచినవానిలో పెక్కింటికి నెలలు, కొన్నింటికి సంవత్సరములు మంచి జీవితము దొరకుచున్నది.

మందులు కుక్కకు దాహమును, ఆకలిని, మూత్రమును పెంచును, వ్యాధులకు లోనగుట హెచ్చును, రక్తకణములు తగ్గవచ్చును. కావున నియమముగ రక్తపరీక్షలు చేయించుచు, మోతాదును వైద్యుడు చెప్పిన మెట్టుచొప్పుననే తగ్గింపవలయును. కుక్క హుషారుగ తిరుగుచున్నదని స్టెరాయిడ్ ఒక్కసారిగ మానుట మరల వ్యాధిని పిలుచుకొనుట. సుమారు మూడు నెలలకు రెండవసారి చిత్రము, వీలైనచో వెన్నునీటి పరీక్ష చేయించుట మేలు. కుక్క బయటికి బాగుగ నున్నను చిత్రమున మచ్చయో, నీటిలో కణములో మిగిలియున్నచో వ్యాధి తిరుగబెట్టు అవకాశమధికమని పైని పేర్కొన్న 2013 పరిశీలనము చూపినది. మందు తగ్గింపవచ్చునా అను నిర్ణయమునకు ఈ రెండవ చిత్రము మొదటిదానికంటె తక్కువ విలువైనది కాదు.

ధనమును గూర్చి నిర్మొగమాటముగ ఆలోచింపుడు. స్కానుకే ఉన్న ధనమంతయు వెచ్చించి, తరువాత నెలల తరబడి సాగవలసిన మందులకు మిగులకుండ చేసికొనుట మంచిది కాదు. ‘నా శక్తి యింత, దీనిని ఏ పరీక్షపై వెచ్చించిన నా కుక్కకు హెచ్చు మేలు?’ అని వైద్యునితో మొదటి దినముననే చెప్పుడు. స్కాను సాధ్యపడనిచో, రక్తపరీక్షలతో సూక్ష్మజీవులను వీలైనంతవరకు త్రోసిపుచ్చి, లక్షణములనుబట్టి చికిత్స ఆరంభించి, ప్రతిదినము గుణమును గమనించుట వైద్యులు అంగీకరించిన మార్గమే. నిశ్చయము కొంత తగ్గును, జాగరూకత అంత పెరుగవలయును. ఆ మార్గమున పోవువారు తమ కుక్కకు అన్యాయము చేసితిమని దుఃఖింప నక్కరలేదు.

అభ్యాసము

రిపోర్టు చేతికి వచ్చిన సాయంకాలము ఒక తెల్లకాగితము తీసికొని నాలుగు వరుసలు వ్రాయుడు. ఎక్కడ, ఎంత మేర, ఒత్తిడి కలదా అను మూడు వరుసలను వైద్యుడు చెప్పిన మాటలతో నింపుడు. అర్థము కానిచో మరల అడిగి నింపుడు, ఏలనన ఈ మూడింటికి సమాధానము దొరకియే తీరవలయును. నాలుగవ వరుసయందు పేరు దొరకినచో వ్రాయుడు. దొరకనిచో ‘తెలియదు’ అని స్పష్టముగ వ్రాసి, దాని క్రింద ఈ దినము మొదలుపెట్టిన మందులు, వాని వేళలు, తదుపరి రక్తపరీక్ష తేదీ, రెండవ చిత్రపు తేదీ వ్రాయుడు. ఇంటిలో మందు వేయువారందరు ఆ కాగితమునే చూచి నడచుకొనవలయును. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, తెలిసినదానిపై కాలము తప్పక పనిచేయుట నేర్చినవాడు, ఈ వ్యాధియందే కాదు, జీవితమున సగము సగముగ తెలిసిన ప్రతి కష్టమునందును తన ఇంటివారికి ఉపయోగపడగలడు. ఆ కాగితమున నాలుగవ వరుస ఎన్ని నెలలు అట్లే యున్నను, తక్కిన వరుసలనుబట్టి నడచిన దినములలో ఒక్కటియు వృథా కాదు.